తారు రోడ్డుకొక ప్లగ్గు, బండ్ల బాటకొక ప్లగ్గు

పశువుల ఆసుపత్రిలో సహాయకుడిగా నన్ను కథలాపూర్‌కు వేసిన కొత్తలో ఒక పాత మోటార్ సైకిల్ కొన్నాను. పెట్రోలులో ఆయిల్ కలిపి పోసే బండి. కాపురం కోరుట్లలో. పొద్దున తారు రోడ్డు మీద వేగంగా పోవాలి. ఆ తర్వాత పొద్దంతా పొలం గట్లు, బండ్ల బాటలు, వాగుల ఇసుక. అక్కడ మొదటి గేరు దాటే పని లేదు. రెండు కాళ్లూ నేలకు ఆనించుకుంటూ, మనిషి నడక కంటే కాస్త వేగంగా పోవడమే. ఆ తీరుకు నా బండి తరచూ ఆగిపోయేది. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు విప్పి చూస్తే కొస నల్లగా, తడిగా, మసి పట్టి ఉండేది.

దాని మర్మం చెప్పింది కోరుట్ల బస్టాండు వెనక ఉండే మెకానిక్. మా ఇద్దరిదీ సిరిసిల్లే. వాళ్ల నాయన మగ్గం, మా నాయన మగ్గం ఒకే గల్లీలో ఆడేవి. అతను మగ్గం వదిలి పానా పట్టాడు, నేను మగ్గం వదిలి సర్కారు నౌకరీ పట్టాను. చుట్టరికం లేకున్నా వరస కలుపుకొని నన్ను బావా అనేవాడు.

"బావా, నువ్వు బండి నడుపుతున్నవా, బర్రెను తోల్కపోతున్నవా? గింత నిమ్మలంగ పోతే ప్లగ్గు సల్లారిపోతది. సల్లారితే మసి కాలదు" అన్నాడు. రెండు రకాల ప్లగ్గులు తెచ్చి అరచేతిలో పెట్టాడు. ఒకదానికి లోపలి తెల్లటి పింగాణీ ముక్కు పొడుగు, ఒకదానికి పొట్టి. పొడుగుది వేడిని తనలోనే నిలుపుకొని మసిని కాల్చేస్తుందట. పొట్టిది వేడిని వెంటనే వదిలేస్తుందట.

"మరి పొడుగుదే ఎయ్యరాదు?"

"ఏస్త. జగిత్యాల రోడ్డు మీద గుంజుకొని పో, పిస్టన్ కరుగుతది. అప్పుడు నా దుకాణం ముంగట కూసోని ఏడువకు."

"ఏం జెయ్యాలె మరి?"

"రెండు పెట్టుకో. రోడ్డుకొకటి, బాటకొకటి. ఇద్దరు పెండ్లాలను సూసుకున్నట్టు ఓపికతోని సూసుకో."

చెప్పిన పనిని చెప్పినట్టు చేయడం నా స్వభావం. తారు రోడ్డు దిగేచోట ఒక చిన్న కల్వర్టు ఉంది. పొద్దున దాని గోడ మీద కూర్చుని పొట్టిది తీసి పొడుగుది బిగించేవాణ్ణి. సాయంత్రం మళ్లీ అక్కడే పొడుగుది తీసి పొట్టిది. రాత్రి డైరీలో ప్లగ్గు కొస రంగు కూడా రాసుకునేవాణ్ణి. నలుపు పోయి బిస్కెట్టు రంగుకు వచ్చింది. బండి ఆగడం మానేసింది. ఆ మాట చెబితే మెకానిక్ నాకంటే ఎక్కువ సంతోషపడ్డాడు.

అవి అన్నల, అంటే నక్సలైట్ల, రోజులు. ఊళ్లలోకి వాళ్లు వచ్చిపోయారని తెలిస్తే వెనకాలే పోలీసులు వచ్చేవారు. కల్వర్టు అంటే పోలీసులకు మందుపాతర గుర్తొచ్చేది. రోజూ ఒకే కల్వర్టు మీద కూర్చునే మనిషిని ఎవరెవరు చూస్తున్నారో నేను ఆలోచించలేదు. నేను పశువుల డాక్టరు సారునని అందరికీ తెలుసు కదా అనుకున్నాను.

ఒకనాటి పొద్దున బస్సు కండక్టరు చేత కబురు వచ్చింది. లోపలి ఊళ్లో ఒకామె బర్రె ఈనలేకపోతున్నదని, దూడ అడ్డం తిరిగిందని. మొగుడు పోయిన మనిషి. ఆ ఒక్క బర్రె పాల మీదే ఆమె ఇల్లు నడిచేది. తొందరలో ప్లగ్గు మారుస్తుంటే దాని వాషర్ చేయి జారి కల్వర్టు కిందికి దొర్లింది. అది లేకుండా బిగిస్తే లోపలి గాలి లీకవుతుంది. కిందికి దిగి, వంగి, ఇసుకలో వెతుకుతున్నాను. అప్పుడే పైన జీపు ఆగింది.

"చేతులు పైకెత్తి బయటికి రా" అన్నాడు ఎస్సై. వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చిన మనిషి. "రోజూ ఇక్కడ కూర్చుంటావట. కింద ఏం పెడుతున్నావు?"

గుర్తింపు కార్డు చూపించాను. బర్రె సంగతి చెప్పాను. రెండు ప్లగ్గులూ చూపించి ఏది ఎందుకో చెప్పాను.

"ఒక్క బండికి రెండు ప్లగ్గులా? ఎవరికి చెబుతున్నావయ్యా!"

"కోరుట్ల మెకానిక్‌ను అడుగుండ్రి సార్. ఆయనే చెప్పిండు."

నన్ను ఠాణాలో నేల మీద కూర్చోబెట్టి, జీపు పంపి అతన్ని పిలిపించారు. అతను గుమ్మంలో కనబడగానే నా గుండె కుదుటపడింది. ఒక్క మాట చాలు. మధ్యాహ్నం లోపల ఆ ఇంటికి చేరతాను, దూడను తిప్పగలను, కనీసం తల్లినైనా కాపాడగలను.

ఎస్సై ప్లగ్గులు బల్ల మీద పెట్టాడు. "బండికి ఎన్ని కావాలి?"

"ఒక్కటి సాలు సార్."

"మరి ఇతను నువ్వే రెండు పెట్టుకోమన్నావంటున్నాడు."

"నేనెందుకంట సార్? గీ సారు ఎవరో నాకు అంతగనం తెల్వది. ఒక్కసారో రెండుసార్లో బండి రిపేరుకు అచ్చిండు."

నా వైపు చూడలేదు. చేతికున్న గ్రీజును లుంగీకి తుడుచుకుంటూ నిలబడ్డాడు. పొమ్మనగానే పోయాడు.

అతని భయం నాకు తెలియనిది కాదు. అంతకు ముందు ఎవరి బండో బాగుచేశాడని పోలీసులు అతన్ని పట్టుకుపోయి కొట్టారు. బాగుచేసిన బండి అన్నలదని అతనికి తెలియదు. ఇదంతా తెలిసి కూడా ఆ మాటను ఇప్పటికీ మింగలేకున్నాను. బావ అన్న నోటితోనే "గీ సారు ఎవరో" అన్నాడు.

మా పై డాక్టరు జగిత్యాల నుంచి వచ్చి పూచీ రాసిచ్చేసరికి సాయంత్రమైంది. పొడుగు ముక్కు ప్లగ్గును ఎస్సై తన దగ్గరే ఉంచుకున్నాడు. పొట్టిదానితోనే బాట పట్టాను. సగం దూరంలో బండి మసి పట్టి ఆగింది. అక్కడే వదిలి నడిచాను.

బర్రె మధ్యాహ్నమే పోయింది. దూడ కడుపులోనే ఉంది. ఆమె కొట్టం ముందు కూర్చుని ఉంది. నేను పోలీసుల సంగతి, ప్లగ్గుల సంగతి మొదలుపెట్టాను. పూర్తిగా విననే లేదు.

"గవన్ని నాకెందుకు సారూ? పొద్దుగాల కల్వర్టు కాడికెల్లి నడిసొస్తే అయిపోవు గద" అంది.

ఆమె అన్నది నిజమే.

ఆ వారంలో మెకానిక్ మా ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు. కాగితంలో చుట్టిన కొత్త పొడుగు ముక్కు ప్లగ్గును అరుగు మీద పెట్టాడు.

"బావా, ఏం జెయ్యాలె... పిల్లలున్నరు."

"సారు అను" అన్నాను. "ఠాణాల గట్లనే అంటివి గద."

అతను వెళ్లిపోయాడు. నేను ఆ కాగితం విప్పలేదు. కథలాపూర్ నుంచి బదిలీ అయ్యేదాకా బండిని తారు రోడ్డు పక్క చాయ్ హోటలు ముందే నిలిపి, లోపలి ఊళ్లకు నడిచే పోయాను. బండి ఉండి నడుస్తావేంది సారూ అని అడిగినవాళ్లకు ప్లగ్గు మంచిగ లేదని చెప్పాను.