బ్రేక్ ఆయిల్ సీసా పూజలో ఉన్న రోజు

కిషన్‌బాగ్‌లో మా చిన్నతనం... దసరా వస్తే మా బాపు పొద్దున్నే అంబాసిడర్ కడిగేవాడు. పాత మోడల్... పెళ్లిళ్లకు కిరాయికి తిప్పేవాడు. మా ఇంటికి అన్నం పెట్టేది ఆ బండే.

ఆ బండికి బ్రేక్ ఆయిల్ పోసే చోటు బానెట్ కింద ఉండదు. డ్రైవర్ కాళ్ల దగ్గర మ్యాట్ ఎత్తితే చిన్న కంత... బాపు చెయ్యి లావు, అందులో పట్టదు. అందుకే ఆ పని నాది! మూత చుట్టూ దుమ్ము తుడిచి, జాగ్రత్తగా పోసేదాన్ని. పదకొండేళ్లకే పెద్ద మెకానిక్‌నని మురిసిపోయేదాన్ని.

"సీలున్న సీసానే కొనాలె బిడ్డా. మూత తీసి పెట్టినదానికి నీరు పడుతది. ఇంకో ఆయిల్ పోస్తే లోపల రబ్బర్లు ఖరాబైతయ్" అనేవాడు బాపు. వందసార్లు విన్నాను.

ఆ దసరాకు స్పానర్లతో పాటు కొత్త బ్రేక్ ఆయిల్ సీసా కూడా పూజలో పెట్టింది నానమ్మ. పసుపు, కుంకుమ, బంతిపూలు... మా ఇంట్లో పూజలో పెట్టిన సామాను మర్నాటి దాకా ఎవరూ కదపకూడదు.

మధ్యాహ్నం బాపు "బ్రేక్ ఆయిల్ జర తగ్గింది, పొయ్యి బిడ్డా... సాయంత్రం జమ్మికి పోవాలె" అని స్నానానికి వెళ్లాడు. నేను సీసా మీద చెయ్యి వేశానో లేదో నానమ్మ అరిచింది.

"ముట్టకు! అమ్మవారి కాడ పెట్టింది గదా... కండ్లు పోతయ్!"

నానమ్మంటే నాకు హడల్. బాపును అడగొచ్చు కదా... అడగలేదు. మెట్ల కింద ఇంజిన్ ఆయిల్ డబ్బా ఉంది. కొంచెమే కదా, ఏమవుతుందిలే అని అదే పోశాను.

"పోసినవా?" అన్నాడు బాపు వచ్చి.

"పోసిన."

అంతే... నా మాట నమ్మాడు, మూత తీసి చూడలేదు.

నాలుగో రోజు పురానాపూల్ దగ్గర బ్రేక్ తొక్కితే పెడల్ నేలకు తగిలిందట. ఎదురుగా మనుషులు... బాపు బండిని గోడకేసి కొట్టాడు. వాళ్లెవరికీ ఏమీ కాలేదు. బాపు కుడికాలు మాత్రం మోకాలి కింద తీసేశారు.

మెకానిక్ చాచా ఉబ్బిపోయిన రబ్బర్లు చేతిలో పట్టుకుని ఇంటికి వచ్చాడు.

"అన్నా, గిందుల ఇంజిన్ ఆయిల్ ఎవరు పోసిండ్రు?"

నేను మంచం పక్కనే నీళ్ల చెంబుతో నిలబడి ఉన్నాను.

"నేనే భాయ్... యాది మరిచి పోసిన" అన్నాడు బాపు. నా వైపు చూడనైనా చూడలేదు.

"గంత తెల్వదారా నీకు!" అని నానమ్మ తను పోయేదాకా కొడుకునే తిట్టింది. బాపు మళ్లీ బండి నడపలేదు. ఇంట్లో కూర్చుని గాజుల దుకాణాలకు అట్టపెట్టెలు అంటించాడు. నా పేరు ఎవరి దగ్గరా ఎత్తలేదు. నేనూ నోరు విప్పలేదు... ఎంత పిరికిదాన్నో!

ఇప్పటి కార్లలో బ్రేక్ ఆయిల్ తగ్గితే ఎర్ర లైటు వెలుగుతుంది. అది ఎక్కడ పోస్తారో కూడా మా పిల్లలకు తెలియదు. నిరుడు బాపు చనిపోయాడు. ఆఖరి రోజుల్లో చెబుదామనే పక్కన కూర్చునేదాన్ని... మందు వేసి లేచి వచ్చేసేదాన్ని.

మీరూ చిన్నప్పుడు చేసి దాచినవి ఉంటాయి కదా... కామెంట్లలో రాయకండి. ఎవరికి చెప్పాలో వాళ్లు ఇంకా ఉంటే, లేచి వాళ్ల దగ్గరికి వెళ్లండి. నాకు ఆ మనిషి లేడు కాబట్టే ఇక్కడ రాస్తున్నాను.