మా నాయన నడక ఎందుకు మానేశాడంటే

మా నాయన మాట వినడని, ఎన్నిసార్లు చెప్పినా నడవడని బంధువులందరికీ చెప్పుకుంటూ వచ్చింది నేనే. పెళ్ళిళ్ళలో, ఫోన్లలో, ఆఖరికి కుప్పంలో డాక్టరు ముందు కూడా అదే చెప్పాను. చెప్పగా చెప్పగా అందరూ నమ్మారు. జరిగింది వేరు.

నాయన పుంగనూరులో హమాలీ పని చేశాడు. లారీల మీది నుంచి ఎరువు మూటలు, వేరుశనగ మూటలు దించేవాడు. అమ్మ పోయాక మదనపల్లెలో మా ఇంటికి తీసుకొచ్చాను. నాకు ఇక్కడే ఆఫీసు ఉద్యోగం. వచ్చిన కొత్తలోనే ఆయనకు షుగరుందని తేలింది. మోకాళ్ళు కూడా అప్పుడే పట్టేయడం మొదలైంది. రోజూ నడవమని డాక్టరు చెబితే తల ఊపాడు గానీ, ఇంటికొచ్చాక నన్ను పక్కకు పిలిచాడు.

"ఊరికే నడిసేదా అప్పా? ఎవురన్నా యాడికి పోతాండావంటే ఏమని సెప్పేది?"

"వాకింగ్ అని చెప్పు నాయనా."

"ఆ మాట నా నోట్లో తిరగదు," అని నవ్వాడు.

మా వైపు వీధిలో మనిషి కనబడితే యాడికని అడగకుండా ఎవరూ వదలరు. దానికి జవాబు లేకుండా గడప దాటడం ఆయనకు చేతకాలేదు. అందుకని తనే ఒక ఉపాయం కనిపెట్టుకున్నాడు. పొద్దున్నే గుడ్డసంచి చంకలో పెట్టుకుని పాలకు బయలుదేరేవాడు. మా వీధి చివరే పాల అంగడి ఉంది. అక్కడ కాదని, బస్టాండు దాటి ఇంకా అవతలికి పోయి తెచ్చేవాడు. సాయంత్రం కొత్తిమీరకో కరివేపాకుకో మళ్ళీ పోయేవాడు. నిన్నటిది వాడకముందే ఇవాళ్టిది వచ్చేది.

"ఏం మామా, మళ్ళా కొత్తిమీరేనా? ఇంట్లో మేకలేమన్నా సాకుతాండామా?" అని నా భార్య ఎగతాళి చేసేది.

"సాకుతాంటే బాగుండు గదమ్మా. వాటినన్నా తోలుకోని పోయేవాణ్ణి," అనేవాడు.

ఆ రోజుల్లో షుగరు తగ్గింది. పట్టుకోకుండా మెట్లెక్కేవాడు. అదంతా మాత్రల గుణమనుకున్నాను.

ఒకరోజు ఆఫీసులో టీ తాగుతుంటే తోటి ఉద్యోగి అందుకున్నాడు. "ఏం సార్, మీ నాయనతో పాలు మోయిస్తాండారంటనే? బండికి పెట్రోలు కరువా ఏంది?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మూటలు మోసి చదివించిన మనిషి చేత ముసలితనంలో కూడా కొడుకు మోయిస్తున్నాడని ఊరనుకుంటోందని సిగ్గేసింది. అది పైకి చెప్పుకోగలిగిన సిగ్గు. లోపల ఇంకొకటుంది. ఆయన హమాలీ అన్న సంగతే ఆఫీసులో ఎవరికైనా తెలియడం నాకిష్టం లేదు.

మరునాడే పాలు ఇంటికే వేసేట్టు మాట్లాడాను. కూరగాయలు నేనే బండి మీద తెచ్చి పడేశాను. "ఇంక నువ్వు దేనికీ పోయే పన్లేదు నాయనా. నలుగురూ నన్నంటాండారు," అన్నాను. ఆయన సంచి మడిచి నా భార్య చేతికిచ్చాడు. "నా వల్ల నువ్వు మాట పడేదెందుకులేప్పా," అన్నాడు. అంతే.

బదులుగా మంచి బూట్లు కొన్నాను. తెల్లవారగానే బండి మీద కాలేజీ గ్రౌండుకు తీసుకుపోయి దించాను. రిటైరైన వాళ్ళు, అంగళ్ళ వాళ్ళు చేతులూపుతూ చుట్లు కొడుతున్నారు. నాయన కాసేపు చూశాడు.

"ఈళ్ళంతా సుట్టూ తిరిగి మళ్ళా ఈడికేనా వచ్చేది?"

"అవును."

"అట్లయితే పొయ్యేదెందుకప్పా?"

నేను విసుక్కున్నాను. తల వంచుకుని ఒక చుట్టు తిరిగాడు. తర్వాత కొన్నాళ్ళకు, నేను దించి వెళ్ళాక అక్కడే అరుగు మీద కూర్చుంటున్నాడని తెలిసి కేకలేశాను. ఆ తర్వాత బయలుదేరడమే మానేశాడు. అన్నీ అమర్చి పెడితే కదలడు, బద్ధకం అని నేను అందరితో అనడం అప్పుడే మొదలైంది.

కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉండిపోయాడు. మొదట మెట్లెక్కడం పోయింది, తర్వాత వీధిలోకి రావడం. నా భార్య ఊర్లో లేని ఒకరోజు కుర్చీలోంచి లేవబోయి లేవలేక, పక్కింటి వాళ్ళను పిలవడానికి మొహమాటపడి, నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా అట్లే కూర్చున్నాడు. వచ్చేసరికి పంచె తడిసి ఉంది. నా మొహం చూడకుండా, "ఏమనుకోవద్దప్పా," అన్నాడు.

మా అక్క కుప్పంలో ఉంది. అక్కడి ఆసుపత్రిలో చూపిద్దామంటే కారు మాట్లాడి తీసుకుపోయాను. తొడల్లో కండ కరిగిపోయిందని, పెద్దగా ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. ఎందుకు నడవలేదు, నొప్పా, పడతానని భయమా అని నాయననే అడిగాడు. ఆయన నోరు తెరిచేలోపు నేనే అందుకుని, "ఎంత చెప్పినా వినడు సార్," అన్నాను.

బయటికొచ్చాక అక్క ఏడుస్తూ ఆయన మీద పడింది. "వాడు బూట్లు కొనిచ్చె, బండి మింద తీసకపాయె. ఇంగేం సెయ్యాల నాయనా వాడు? నాలుగడుగులు ఏసేదానికి నీకేం రోగం?"

"నాదే తప్పమ్మా. బద్దకం," అన్నాడు నాయన.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నేను మందుల చీటీ చదువుతున్నట్టు నిలబడ్డాను.

తిరుగు దారిలో పుంగనూరులో ఒక గోడౌను ముందు లారీ అడ్డమై కారు ఆగింది. మూటలు దించుతున్నారు. నాయన అద్దంలోంచి వాళ్ళనే చూస్తూ, "పనుంటే కాళ్ళు వాటంతట అయ్యే నడుస్తాయి," అన్నాడు. నాకు అప్పుడే అర్థమైందని రాస్తే అబద్ధమవుతుంది. గ్రౌండులో ఆయన 'పొయ్యేదెందుకప్పా' అని అడిగిన రోజే అర్థమైంది. మళ్ళీ సంచి చేతికివ్వడానికి నామోషీ అడ్డొచ్చింది.

"రేపట్నించి పాలు నువ్వే తెద్దువులే నాయనా," అన్నాను.

"ఎట్లప్పా? నన్ను మోసేదానికే ఇద్దరు కావాల," అని నవ్వాడు.

నిన్న అక్కకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను.

"నాయనకు తెలుసునా?" అంది.

"తెలుసు."

"నిన్ను ఒక్క మాట గూడా అన్లేదే."

"అన్లేదక్కా."

"ఇప్పుడు సెప్తే లేసి నడుస్తాడా అప్పా ఆయన?"

నడవడు. ఇవాళ పొద్దున మంచం మీద నుంచి కుర్చీలోకి మారుద్దామని చేతులు వేస్తే, "వద్దులేప్పా, ఈడనే ఉండనీ," అన్నాడు. ఉండనిచ్చాను.