కిటికీ దగ్గర అడ్జస్ట్‌మెంటు

రెడీమేడ్ బట్టల్ని ఒంటికి తగ్గట్టు సరిచేసి కుట్టడం ఆవిడ పని. వీధిలో అందరికీ కుట్లక్క. తాము సన్నగా ఉన్న రోజుల్ని తలుచుకుంటూ ప్యాంట్లు కొనుక్కొచ్చే పెద్దమనుషులంతా కాస్త అడ్జస్ట్ చెయ్యమంటూ ఆవిడ గుమ్మమే ఎక్కుతారు. లోపల గుడ్డ మిగిలుంటే వదులు చేస్తుంది, లేకపోతే పొట్ట తగ్గించుకుని రమ్మంటుంది.

బయటివాళ్లు బట్టల్ని అడ్జస్ట్ చెయ్యమంటారు. ఇంట్లోవాళ్లు ఆవిడనే అడ్జస్ట్ అయిపొమ్మంటారు. చుట్టాలొస్తే మంచం వదిలేదీ ఆవిడే, కూర చాలకపోతే ఆకలి లేదనేదీ ఆవిడే. తలూపి తలూపి అలవాటైపోయి, ఇప్పుడు ఎవరూ అడగడం కూడా లేదు.

ఈసారి ఎసరు ఆవిడ మిషను పెట్టుకున్న కిటికీకి వచ్చింది. భర్త అన్నగారు ఇంగ్లీషు మాస్టారుగా రిటైరై వీళ్లింటికే వచ్చేశారు. ఏ ఇంగ్లీషు మాట కనబడినా దాని తాతముత్తాతల దాకా తవ్వందే ఆయనకు ముద్ద దిగదు. పెద్దాయన చదువుకోడానికి వెలుతురు కావాలి కాబట్టి కుట్టుమిషను లోపలి గదిలోకి పోవాలని ఇంట్లో తీర్మానమైంది. ఆ గదిలో పట్టపగలే నల్లగుడ్డ మీద నల్లదారం కనిపించదు. కిటికీ పోతే ఆవిడ పని పోయినట్టే. ఆ మాట చెబితే బల్బు పెట్టుకోవచ్చుగా అన్నాడు మొగుడు. జన్మలో సూదిలో దారం ఎక్కించని మనిషి, ఆయనకేం తెలుస్తుంది?

"కాస్త అడ్జస్ట్ అవ్వమ్మా," అన్నారు మాస్టారు, పడక్కుర్చీ మోసుకొచ్చి.

ఆవిడకు ఒళ్లు మండింది. కానీ బావగారాయె. నోటిదాకా వచ్చింది మింగేసి, అసలా మాటకు అర్థమేమిటి, ఎక్కడ పుట్టింది అని అడిగింది. ఆ ఇంట్లో ఆయన్ని ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదటిసారి. మాస్టారి ముఖం చేటంత అయింది. కుర్చీ దించి మొదలుపెట్టారు. లాటిన్‌లో 'దగ్గర' అనే మాటలోంచి వచ్చిందట. దగ్గరికి చేర్చడమన్నది తొలి అర్థమట. ఫ్రెంచివాళ్ల నోట్లో నలిగి ఇంగ్లీషులోకొచ్చే దారిలో, న్యాయం అనే అర్థమున్న ఇంకో మాటతో లేని చుట్టరికం కలిసి, సరిగ్గా అమర్చడమనే అర్థం స్థిరపడిందట. కళ్లజోడు సర్దుకున్నా అదే మాట, గడియారం సరిచేసినా అదే మాట, కొత్త చోటుకి మనిషి అలవాటు పడినా అదేనట.

అంతా విని, చేతిలో ఉన్న నల్లప్యాంటు నడుం చూపించింది ఆవిడ.

"నేను రెండు పక్కలా సమంగా లోపలికి పట్టి కుడతాను బావగారూ. ఒక్క పక్కే పట్టి కుడితే వెనక కుట్టు పక్కకొచ్చేస్తుంది. దగ్గరికి చేర్చడమంటే ఎప్పుడూ ఒకళ్లే జరగాలా?"

"నేనే కాస్త జరుగుతాలేమ్మా," అన్నారు మాస్టారు. అని, నడుం పట్టుకుని మూలుగుతూనే కుర్చీని కిటికీకి ఓ వారగా లాక్కున్నారు. మిషను ఉన్నచోటే ఉంది.

తన కోసం ఆ ఇంట్లో ఇంకొకరు జరగడం ఆవిడ ఎన్నడూ చూసి ఎరగదు. ఏడుపొచ్చింది. దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకుంది. మాస్టారు ఈలోగా సూదిని ఇంగ్లీషులో ఏమంటారో, ఆ మాట ఎక్కడ పుట్టిందో అందుకున్నారు. ఇక అది సాయంత్రం దాకా ఆగదని తెలిసి కూడా, "చెప్పండి బావగారూ," అంది.