రెండు వేళ్ల వదులు

మా తాత, మేం పిలిచేది జేజినాయన అని, హయాత్ బాషా ఎవరి కొలత తీసినా టేపు కింద రెండు వేళ్లు పెడతాడు. ఆ వేళ్ల మందం బట్టకు వదులు. అది చాలదన్నట్టు కుట్టు లోపల ఇంకో రెండు వేళ్ల గుడ్డ మడిచి దాస్తాడు. మనిషన్నాక పెరుగుతాడని ఆయన నమ్మకం. రాయచోటిలో మిషను ముందు కూర్చున్ననాటి నుంచి దుబాయ్‌లో, అల్ కుసైస్ దుకాణం దాకా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు. నా ఆరో తరగతి యూనిఫాం తొమ్మిదో తరగతి దాకా వచ్చింది. మొదటి ఏడాది అందులో నాతోపాటు నా పుస్తకాల సంచీ కూడా పట్టేది. తొమ్మిదిలో తప్పి నేను బడి మానేసిన రోజు ఇంట్లో అందరూ మొహాలు వేలాడేస్తే, ఆయన మాత్రం యూనిఫాం తిరగేసి చూసి, "ఇంకా రెండేండ్లు వచ్చుండు" అని బాధపడ్డాడు. ఆ మర్నాటి నుంచి నేను దుకాణంలో గుండీలు కుట్టడానికి కూర్చున్నాను.

2004 చలికాలంలో ఆ దుకాణానికి రగ్బీ వచ్చింది. తెచ్చినవాడు నబీ రసూల్. మా ఊరివాడే, ఒరిక్స్ క్లబ్బు బస్సు నడిపేవాడు. ఎవరో కంపెనీ యజమాని సరదాపడి జీతాలిచ్చి ఆటగాళ్లను దేశదేశాల నుంచి రప్పించి పెట్టిన క్లబ్బు అది. జెర్సీ మీద పొడుగు కొమ్ముల ఎడారి జింక బొమ్మ ఉండేది. ఆట గురించి నాకు అర్థమైంది ఇంతే: ఇటు పదమూడుమంది, అటు పదమూడుమంది. గుడ్డు ఆకారం బంతిని చంకలో పెట్టుకుని ఒకడు ఉరుకుతాడు, మిగిలినవాళ్లు వాడిని పట్టి పడేస్తారు. ఆరుసార్లు పడేలోపల అవతలి గీత దాటాలి, లేకపోతే బంతి పోతుంది. పెళ్లిలో భోజనాల దగ్గర తోపులాట చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

"చాచా, పోయినేడు జెర్సీలు ఒక్క ఆటకే పీలికలైపోయినాయి. ఈసారి మా ముదీర్, అదే క్లబ్బు మేనేజరు, నీకే ఇమ్మన్నాడు. గట్టిగా ఉండాల" అన్నాడు నబీ రసూల్.

ఆ "గట్టిగా" అన్న మాటే కొంప ముంచింది. జేజినాయన దళసరి నూలు గుడ్డ తెచ్చి, ప్రతి కుట్టూ రెండుసార్లు వేసి, టేపు కింద రెండు వేళ్లు పెట్టి, లోపల ఇంకో రెండు వేళ్లు దాచి జెర్సీలన్నీ కుట్టాడు. మెడ వెనక 'హయాత్ టైలర్స్, అల్ కుసైస్' అని పట్టీ వేశాడు. ఆయన భార్య, మా జేజి మున్నీబీ ఒక జెర్సీని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. దాని వెనక ఆమె ఎక్కడుందో కనపడలేదు.

"ఏందబ్బా ఇది, జెర్సీనా డేరానా? దీంట్లో రెండు సంసారాలు కాపురం ఉండొచ్చు."

"వాళ్లు ఇంకా పెరుగుతారు."

"ముప్పై ఏండ్లోళ్లు యాడ పెరుగుతారయ్యా?"

"పక్కకు" అన్నాడు జేజినాయన.

శుక్రవారం మొదటి ఆట. సాయంత్రం నబీ రసూల్ మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"ఓడిపోయినారు చాచా."

"కుట్టు?"

"కుట్టుకేం, ఇనుము మాదిరి ఉండాది."

"అల్‌హందులిల్లా" అని జేజినాయన చాయ్ తెప్పించాడు.

తర్వాతి శుక్రవారమూ ఇదే మాట, ఇదే చాయ్. క్లబ్బు ఓడేకొద్దీ మా దుకాణంలో సంబరం పెరిగింది. చివరికి ఆయన తన కుట్టు ఎట్లా నిలబడిందో కళ్లారా చూడాలని జుమ్మా నమాజు అయ్యాక నన్ను వెంటేసుకుని మైదానానికి వచ్చాడు. జనమంతా బంతిని చూస్తుంటే ఈయన కళ్లద్దాలు తుడుచుకుని చంకల కుట్లు చూశాడు. మన ఆటగాడు సెమీసి బంతితో దూసుకుపోతున్నాడు. వెనక నుంచి ఒకడు వాడి జెర్సీ అంచు దొరకబుచ్చుకున్నాడు. ఇంకొకడు నడుము దగ్గర గుడ్డను చేతికి చుట్టుకున్నాడు. ఇద్దరూ లాగారు. సెమీసి వెల్లకిలా పడ్డాడు. మన వైపు జనం ఉసూరుమంటుంటే జేజినాయన బెంచీ మీద నిలబడి, "సూడు! సూడు! ఇద్దరు లాగినా పోగు కదల్లేదు!" అని అరిచాడు. నేను దుపట్టాతో మొహం కప్పుకున్నాను.

తిరిగివచ్చే దారిలో నబీ రసూల్ ఇక ఆపుకోలేకపోయాడు.

"చాచా, కోపం చేసుకోవద్దు. పోయినేడు గుడ్డ చినిగిపోయేది, మనిషి తప్పించుకొని పోయేటోడు. ఇప్పుడు గుడ్డా చినగదు, మనిషీ పోడు. మేక మెడలో పలుపు మాదిరి పట్టుకుంటాండారు."

"పట్టుకునేటోని తప్పు నా కుట్టు మీద పెడతావేందిరా?"

ఆ వారమే కోచ్ దుకాణానికి వచ్చాడు. ఎర్రటి మొహం, పొట్టి నిక్కరు. నబీ రసూల్ తెలుగులో చెప్పాడు: ఒంటికి చర్మంలా అతుక్కునే జెర్సీలు కావాలట, చేతికి గుడ్డ దొరక్కూడదట. సీజన్‌లో చివరి ఆటకు అట్లా కుట్టి ఇస్తే వచ్చే ఏడు కూడా పని మనకే. లేదంటే బయటి దేశం నుంచి తెప్పించుకుంటారట.

"ఒంటికి అంటుకునే గుడ్డ నా దుకాణంలో కుట్టేది లేదు. ఖలాస్" అన్నాడు జేజినాయన.

కోచ్‌కు చివరి మాట అనువాదం అక్కర్లేకపోయింది. లేచి వెళ్లిపోయాడు. జేజి ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, "పోనీలే, డేరాలు కుట్టుకుందాం" అంది. జేజినాయన అన్నం సగంలో వదిలేశాడు. ఆ జింక బొమ్మ జెర్సీ మీద తన పేరు చూసుకోవడం ఆయనకెంత ఇష్టమో మాకు తెలుసు. కుట్టిన ప్రతిదాన్నీ ఇచ్చేముందు పట్టీని బొటనవేలితో ఒకసారి నిమిరేవాడు.

ఆయన మనసు మార్చింది కోచ్ కాదు, సెమీసి. టోంగా అనే దీవుల నుంచి వచ్చాడు. మా దుకాణం తలుపులో పక్కకు తిరిగితే గానీ పట్టడు. మొదటిసారి చేయి చినిగిన పాత జెర్సీ తెచ్చినప్పటి నుంచి, ఏ పనీ లేకపోయినా వచ్చి ఎత్తుపీట మీద కూర్చునేవాడు. "బాబా, చాయ్?" అనేవాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. గంటసేపు మాట్లాడుకునేవాళ్లు.

ఆ శుక్రవారం ఆటలో సెమీసి గీతకు రెండడుగుల దూరంలో ఉండగా ఎవడో వీపు మీద వదులు గుడ్డలో వేళ్లు దూర్చి గిర్రున తిప్పాడట. సెమీసి మొహం నేలకు కొట్టుకుంది. మర్నాడు జెర్సీ మడతపెట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెదవి వాచి ఉంది. నవ్వితే ముందు పన్ను లేదు.

"బాబా, జెర్సీ అచ్ఛా. నో కట్" అని బొటనవేలు ఎత్తి చూపించాడు.

జేజినాయన ఆ జెర్సీని తీసుకుని వీపు దగ్గర చూశాడు. అక్కడ గుడ్డ వేళ్ల ఆకారంలో సాగి ఉంది. ఒక్క పోగు తెగలేదు. ఆయన అల్‌హందులిల్లా అనలేదు. చాలాసేపు ఆ చోటును అరచేత్తో సాపు చేస్తూ కూర్చున్నాడు. తర్వాత మెడలోంచి టేపు తీసి, "లెయ్యి" అన్నాడు.

సెమీసి ఛాతీ చుట్టూ టేపు తిప్పాడు. అలవాటుగా రెండు వేళ్లు కిందికి పోయాయి. ఆగాడు. నేను గుండీ చేతిలో పట్టుకుని అట్లాగే చూస్తున్నాను. ఒక వేలు తీశాడు. కాసేపటికి రెండోది కూడా తీశాడు.

"ఎంత?" అన్నాను రాసుకోవడానికి.

"ఉన్నంత" అన్నాడు విసుగ్గా.

దేరా బజారుకు వెళ్లి సాగే గుడ్డ తెచ్చాడు. నాలుగు రోజులు దాన్ని తిట్టుకుంటూ జట్టు మొత్తానికీ కుట్టాడు. "మాట మీద నిలబడని గుడ్డ. ఎటు లాగితే అటు పోతాది, నబీ రసూల్ మాదిరి." నబీ రసూల్ కబురు చెబితే కోచ్ వచ్చి జెర్సీలు లాగి చూసుకుని, తల ఊపి పట్టుకుపోయాడు.

చివరి ఆట అబుదాబీ జట్టుతో. సెమీసి కొత్త జెర్సీలో బయటికి వస్తే మా జేజి కూడా ఉంటే బాగుండేదనిపించింది. ఇంత గుడ్డలో అంత మనిషిని జేజినాయన ఎట్లా దూర్చాడో ఆమెకు చూపించాల్సింది. ఆయన మాత్రం సిగ్గుతో తల దించుకున్నాడు. "యా అల్లా, ఊపిరి ఆడతాందో లేదో" అని గొణిగాడు. ఈసారి కుట్లు చూడలేదు. అవతలివాళ్ల చేతులు చూశాడు. సెమీసి బంతి అందుకున్నాడు. ఒక చెయ్యి వీపు మీద పడి జారింది. ఇంకోటి నడుము మీద పడి జారింది. సెమీసి గీత దాటి బంతిమీద బోర్లాపడ్డాడు. జేజినాయన మళ్లీ బెంచీ ఎక్కాడు. ఈసారి ఆయనతోపాటు నేనూ ఎక్కాను.

గెలిచారు. సీజన్‌లో అడుగునుంచి రెండో స్థానమే గానీ, గెలిచారు. మేం ఇంటికి బయల్దేరుతుంటే నబీ రసూల్ పరుగెత్తుకొచ్చాడు.

"చాచా, యల్లా, తొందరగా రా! వానికి జెర్సీ ఊడి రావడంలా!"

గదిలో సెమీసి చేతులు పైకెత్తి, తల లోపల ఇరుక్కుని, పందిరి గుంజలా నిలబడి ఉన్నాడు. ముగ్గురు లాగుతున్నారు. చెమటకు గుడ్డ అతుక్కుపోయింది. కోచ్ చేతిలో కత్తెర ఉంది.

"కత్తెర పెడితే చెయ్యి ఇరుగుతాది!" అని జేజినాయన అరిచాడు. కోచ్ వెనక్కి తగ్గాడు. ఆయన సెమీసిని బెంచీ మీద కూర్చోబెట్టి, జేబులోంచి బ్లేడు తీసి, పక్క కుట్టు ఒక్కో పోగూ విప్పసాగాడు. లోపల్నుంచి "థాంక్యూ బాబా" అని గొంతు వచ్చింది.

నేను వంగి చూశాను. విప్పుతున్న కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ బుద్ధిగా మడిచి ఉంది.

"జేజినాయనా, ఇదేంది?"

"ఏది?"

"అంత గుడ్డ లోపల మడిచి కూరితే మనిషికి ఊడి వస్తాదా?"

"నోర్ముయ్ అనమ్. వెలుతురుకు అడ్డం రావద్దు" అన్నాడు.

పక్క తెరుచుకుని సెమీసి బయటపడ్డాడు. జేజినాయన ఆ జెర్సీని మడిచి చంకలో పెట్టుకున్నాడు. కోచ్ ఏదో అన్నాడు. వచ్చే ఏడు కూడా నువ్వేనంటున్నాడని నబీ రసూల్ చెప్పాడు. జేజినాయన విననట్టే, మెడ వెనక పట్టీని బొటనవేలితో నిమురుకుంటూ నడిచాడు.

వేసవికి ఊరెళ్లిన సెమీసి చలికాలం మొదట్లో తిరిగొచ్చాడు. దుకాణం తలుపులో పక్కకు తిరిగినా పట్టలేదు. అమ్మ వంట అని సైగ చేసి పొట్ట తట్టుకున్నాడు. జేజినాయన బీరువాలోంచి ఆ జెర్సీ తీసి బల్ల మీద పరిచి, లోపలి మడత విప్పాడు. ఆయన సెమీసి వైపు చూడలేదు. కళ్లద్దాల మీదుగా నా వైపు చూశాడు.

నేను గుండీల డబ్బాలో ఏదో వెతుక్కున్నాను.

టేపు సెమీసి నడుము చుట్టూ తిరిగింది. దాని కిందికి రెండు వేళ్లు హాయిగా దూరాయి.