నాయనమ్మ వినిపించిన పందికొక్కు

రేపు కొనేవాళ్లు వస్తున్నారని ఇవాళ నరసరావుపేటలో మా బియ్యం కొట్టు షట్టరు తీశాను. ఎన్నేళ్లయిందో మూసి, గోనె సంచుల వాసన మాత్రం ఇంకా పోలేదు. బడి నుంచి వచ్చి బస్తాల మీద పడి నిద్రపోయిన మా ఈడు వాళ్లకి ఆ వాసన గుర్తుండే ఉంటుంది.

చిన్నప్పుడు ఓసారి, అంత లావు ఎలుకని పందికొక్కు అని ఎందుకంటారని అడిగాను. నాయనమ్మ నన్ను బస్తాల వెనక్కి తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

"ఏమే, నోరు మూసుకొని ఇను. పందిలాగా గుర్రుగుర్రుమంటంది చూడు. కొక్కంటే ఎలకే. అందుకే ఆ పేరు."

ఆ మాటనే ఇంగ్లీషువాళ్లు బ్యాండికూట్ చేసుకున్నారని చాలా ఏళ్లకి చదివాను. చెప్దామంటే అప్పటికి నాయనమ్మ లేదు.

ఆవిడ పగిలిన సీసాలు దంచి, మట్టిలో కలిపి పందికొక్కు తవ్విన బొరియ పూడ్చేది. తెల్లారేసరికి పక్కనే ఇంకోటి ఉండేది. "ఇది మనల్ని వదలదే" అని తిట్టుకుంటూ మళ్లీ సీసాలు దంచేది.

ఇవాళ మూలమూలా ఊడ్చాను. ఆవిడ పూడ్చిన చోట గాజు పెంకులు అలాగే ఉన్నాయి. కొత్త బొరియ ఒక్కటీ లేదు. మాకంటే ముందే అది ఈ కొట్టుని వదిలేసింది.