మూడు బటన్లు

కడప బస్సులో నా పక్కన చూపులేని ఒకాయన కూర్చున్నారు. ఆయన చెవి దగ్గరున్న ఫోను తెరమీది అక్షరాలు చదివి వినిపిస్తోంది. చివర్లో "బటన్, బటన్, బటన్" అని ఆగింది.

"ఏమప్పా, ఈ మూడింట్లో యాది నొక్కితే ఉద్యోగం దరఖాస్తు పోతాది? పోయినేడు తప్పుది నొక్కితే అంతా చెరిగిపాయ. ఏడాది కాసుకోనుండా. ఈపొద్దే ఆఖరు."

చూశాను. ఆ వెబ్‌సైటు నేను తయారుచేసిందే. బటన్ల మీద బొమ్మలు పెట్టాను. ఫోను చదివేలా పేర్లు కూడా రాయాలన్నది వెబ్‌సైట్ల ప్రమాణాల్లో మొదటి పాఠం. పని అప్పజెప్పే గడువు దగ్గరపడిందని వదిలేశాను.

"మూడోది," అన్నాను.

నొక్కారు. దరఖాస్తు అందిందని ఫోను చెప్పింది. ఆయన నవ్వారు. "దీన్ని చేసినోడు ఒకసారి కండ్లు మూసుకోని చూసింటే తెలుస్తాండె."

ఆయన మైదుకూరులో దిగిపోయారు.

ల్యాప్‌టాప్ తెరిచి మూడు బటన్లకూ పేర్లు రాశాను. నాలుగు నిమిషాలు పట్టింది.