ఇంజన్‌కు ఆయుధపూజ

ఒళ్లు మండిపోతోంది. దూర గ్రహాలకు వెళ్లే నౌకలను నెట్టే విద్యుత్ ఇంజన్‌ను మా అనంతపురం ల్యాబులో పరీక్షిస్తున్నాం. దాన్ని గాలి తీసేసిన ట్యాంకులో నడపాలి. వేలి జిడ్డు అంటినా పాడవుతుందని గ్లౌజులు లేకుండా ఎవరం ముట్టుకోం. ఈ రోజు ఆయుధపూజ. నేను టీ తాగి వచ్చేసరికి మా పెద్దసారు ట్యాంకు తలుపు తీసి, తన అంబాసిడర్ కారుకు పూసినట్టే ఇంజన్ నిండా పసుపు, కుంకుమ పూసేశారు.

“ఏం చేసినారు సార్! ఇప్పుడే కడిగేస్తా.”

“ఏమప్పా, పూజ చేసినదాన్ని ఈ పొద్దు ముట్టుకుంటారా? రేపు కడుగుదువులే.”

రేపటికి ఇంజన్‌కుండే సన్న రంధ్రాల్లో పసుపంతా గట్టిపడుతుంది. పైగా ప్రసాదమని నా దోసిట్లో బొరుగులు పోశారు. తినాలా, ఆయన నెత్తిన పోయాలా, మీరే చెప్పండి.